బోటు ఇంజిన్ మరీ చల్లగా నడిచినా ముప్పే

సంపాదకులకు,

వేట నిషేధం జూన్ 14తో ముగియగానే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లన్నీ ఒకేసారి సముద్రంలోకి వెళ్తాయి, నాకు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. బోటు ఇంజిన్లు బాగుచేసే పని నాది. ఇంజిన్ వేడెక్కుతోందని చాలామంది థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలింగ్ నీటిని అదుపు చేసే వాల్వు) పీకేసి ఊరుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మంచినీళ్ల కూలింగ్ ఉన్న డీజిల్ ఇంజిన్ లోడ్ మీద మామూలుగా 75 నుంచి 85 డిగ్రీల మధ్య నడవాలి, కొన్ని మోడళ్లలో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, మాన్యువల్ చూసుకోవాలి. ఉప్పునీరు నేరుగా ఇంజిన్‌లో తిరిగే పాత రకాలైతే 50, 55 దగ్గరే ఉంచాలి, ఎందుకంటే అంతకు బాగా మించితే ఉప్పు లోపల గారలా పేరుకుని నీటి దారులు మూసుకుపోతాయి. చల్లగా నడిస్తే ఇంజిన్‌కు మంచిదనుకోవడం పొరపాటు. డీజిల్ పూర్తిగా మండదు, తెల్లపొగ వస్తుంది, లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టాలు) త్వరగా అరుగుతాయి. అసలు వేడికి కారణం చాలాసార్లు అరిగిన ఇంపెల్లరో (నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం), చెత్త పట్టిన నీటి జాలీయో అయ్యుంటుంది, ముందు అవి విప్పి చూడండి. ఇంకో మాట, టెంపరేచర్ గేజి పనిచేయని బోట్లను మత్స్యశాఖ తనిఖీల్లోనే ఆపాలి. తీరానికి దూరంగా ఇంజిన్ పట్టేస్తే బోటులో ఉన్నవాళ్ల గతి ఏమిటి?

- ఒక బోటు మెకానిక్, విశాఖపట్నం