గారాబం తప్పన్నారు సరే, నేర్పేదెవరు మంత్రిగారూ?

శిశు సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారం.

మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, మిగతా రెండింటికి అదీ లేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఏ కుర్రాడు పోలీసులకు చిక్కినా మీరు మైకు ముందు అనే మాట ఒకటే, తల్లిదండ్రుల గారాబమని. నా విషయంలో అది నిజం సార్. మావాడికి పదహారేళ్లు, బైక్ దొంగతనం కేసులో బాలల కోర్టు మెట్లెక్కాడు.

వాడికి ఏడేళ్లప్పుడు ఒక రాత్రి ఫోన్ ఇవ్వనన్నాను. ఏడ్చాడు, ఇవ్వలేదు. గ్లాసు తీసి నేలకేసి కొట్టాడు. పక్కింటివాళ్లు వింటారని భయమేసి ఇచ్చేశాను, ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగింది. మర్నాడు గ్లాసు దాకా రానివ్వకుండానే ఇచ్చాను. పిల్లలు అరుస్తారు, పెద్దవాళ్లు దిగొస్తారు, అరుపు ఆగుతుంది, అలా ఇద్దరికీ అదే అలవాటైపోతుంది, ఇంట్లో పనిచేసిన ఆ ఎత్తునే పిల్లలు తర్వాత బయటా వాడతారు అని అమెరికాలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు 1982లోనే పుస్తకం రాశారు. ఈ సంగతి మావాడికి కౌన్సెలింగ్ ఇచ్చినవాళ్లు చెబితే తెలిసింది, అదీ కేసయ్యాక.

మొన్న సభలో మీరు 'నాలుగు తగిలిస్తే దారికొస్తారు' అన్నారు. దయచేసి ఆ మాట అనకండి. పెంపకానికీ పిల్లల నేరాలకీ ఉన్న సంబంధంపై 161 అధ్యయనాలను 2009లో కలిపి చూస్తే, పట్టించుకోకపోవడంతో పాటు కసురుకోవడం, దూరం పెట్టడం కూడా నేరాలతో గట్టి సంబంధం ఉన్నవాటిలో తేలాయి. పైగా పెంపకం ఒక్కటే అంతా కాదని కూడా తేలింది, మీరేమో తప్పంతా మా మీదే వేస్తున్నారు.

ప్రతి బడిలో తల్లిదండ్రులకు క్లాసులు పెడతామన్నారు, రెండు విద్యా సంవత్సరాలు గడిచాయి. మా బడిలో జరిగిందల్లా ఒక ఫ్లెక్సీ, ఒక ఉపన్యాసం, ఫొటోలు. మాకు ఉపన్యాసం వద్దండీ. వద్దన్నాక ఆ మాట మీద ఎలా నిలబడాలి, చెయ్యెత్తకుండా ఎలా ఆపాలి, బుద్ధిగా ఉన్నప్పుడు అది గమనించామని ఎలా చెప్పాలి, ఇవి దగ్గర కూర్చోబెట్టి చేయించాలి. ప్యాటర్సన్ బృందం అలాగే నేర్పింది.

నాకు తొమ్మిదేళ్ల కూతురుంది. పోయిన వారం ఫోన్ కోసం గది తలుపు ధడేలున వేసుకుంది. బయట నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు, అరగంట అలాగే ఉండిపోయాను. ఆ క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో ఒక తేదీ చెప్పండి సార్. దండం పెట్టి అడుగుతున్నాను, తేదీ చెప్పండి.

ఒక తల్లి