ఆరు చక్రాల బండి కడుతున్న అమ్మలుకు

విజయవాడ

చి. అమ్మలుకు, నాన్న ఆశీస్సులు.

టమియా బొమ్మల కంపెనీ వాళ్ల టిరెల్ కిట్, అదే ఆరు చక్రాల ఫార్ములా వన్ రేసు బండి బొమ్మ కట్టే ముక్కల పెట్టె, వచ్చిందనీ, నీలం రంగు ఎలా కలపాలో చెప్పమనీ మెసేజీ పెట్టావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే బల్ల మీద పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకుంటావని రాస్తున్నాను.

ఆటోనగర్‌లో ఇన్నేళ్లు కార్లకు రంగు కొట్టినవాణ్ణి, కాబట్టి నువ్వు నన్ను రంగు గురించి అడగడం సహజమే. కానీ రంగుకు ఇంకా చాలా దూరం ఉంది తల్లీ. నీలం డబ్బా మూత తీసే లోపు ఆ బండి అలా ఎందుకు ఉందో నీకు తెలియాలి. అది తెలిస్తే ఏ ముక్క మీద ప్రాణం పెట్టాలో, దేన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యాలో నీకే తెలుస్తుంది. తెలియకపోతే అన్నిటి మీదా ఒకేలా కష్టపడతావు, చివరికి బొమ్మ అందంగానే ఉంటుంది కానీ బండిలా ఉండదు.

నువ్వు పంపిన ఫోటోలు, వివరాలు అన్నీ చదివాను. కెన్ టిరెల్ కలప వ్యాపారి అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇంగ్లండులోని సర్రేలో తన కలప యార్డులోనే షెడ్డు పెట్టుకుని రేసు టీము నడిపాడట. ఆయన దగ్గర డిజైనరు డెరెక్ గార్డ్‌నర్. ఆ రోజుల్లో చాలా టీములది ఒకటే ఇంజను, ఫోర్డ్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ. ఇంజనులో తేడా లేనప్పుడు ఇంకెక్కడైనా లాభం వెతుక్కోవాలి కదా. బండిని గాలి నేలకు అదిమేలా ముక్కు దగ్గర పెట్టే ముందు రెక్క వెడల్పు 1.5 మీటర్లు దాటకూడదని నిబంధన. మామూలు ముందు టైర్లు ఆ రెక్క కంటే పైకి లేచి గాలికి అడ్డం పడతాయి, బండి ముక్కును పైకి ఎత్తుతాయి. గార్డ్‌నర్ 10 అంగుళాల చిన్న చక్రాలు తీసుకుని వాటిని ముక్కు వెనక దాచేశాడు. అంత చిన్న చక్రాలు రెండైతే రోడ్డు మీద పట్టు చాలదు, అందుకే నాలుగు పెట్టాడు. అంటే ఆ చక్రాలు వింత కోసం పెట్టినవి కావు. గాలి లెక్క ఒకటి, పట్టు లెక్క ఒకటి, ఆ రెండూ కలిసి ఆ రూపం వచ్చింది.

1975 సెప్టెంబరులో ఆ బండిని లోకానికి చూపించారు. మరుసటి ఏడాది జూన్ 13న స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో టిరెల్ డ్రైవర్లు జోడీ షెక్టర్ మొదట, పాట్రిక్ డెపాయే రెండో స్థానంలో వచ్చారు. ఆరు చక్రాల బండి ఫార్ములా వన్ రేసు గెలిచింది ఆ ఒక్కసారే. 1977 అయ్యాక దాన్ని పక్కన పెట్టేశారు. 10 అంగుళాల టైరు వాడేది ఒక్క టిరెల్ మాత్రమే కాబట్టి, మిగతా టైర్లు మెరుగవుతున్నంత వేగంగా అది మెరుగవలేదు. నాకు ఈ సంగతి చదివినప్పుడు బాధ కలిగింది. మంచి ఆలోచన, తగిన టైరు దొరక్క ఆగిపోయింది.

కాబట్టి అమ్మలూ, నీ బొమ్మకు ప్రాణం ముందు భాగంలో ఉంది. ఆ నాలుగు చిన్న చక్రాలు, వాటి సస్పెన్షన్ చేతులు, స్టీరింగు లింకులు. నాలుగూ తిరిగే చక్రాలే. 10 అంగుళాల రిమ్ము 12వ వంతు స్కేలులో 21 మిల్లీమీటర్లే. నీ బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. అక్కడ చెయ్యి వణికితే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. కిటికీ అద్దం లాంటి మందపాటి గాజు పలక ఒకటి సంపాదించు. సస్పెన్షన్ బిగించేటప్పుడు దాని మీదే పెట్టి చూడు. నాలుగు చక్రాల బండిలో ఒకటి కాస్త లేచినా సర్దుకోవచ్చు. ఆరు చక్రాలకు అలా కుదరదు, ఆరూ నేలకు ఆనాలి. టైరు కింద సన్నని కాగితం పెట్టి లాగు, ఏ చక్రం దగ్గర తేలిగ్గా వచ్చేస్తే అక్కడ పని మిగిలినట్టు. జిగురు పూర్తిగా గట్టిపడక ముందే ఈ పరీక్ష చెయ్యాలి.

ఇంకో మాట. ఆ డీఎఫ్‌వీ ఇంజను కేవలం ఇంజను కాదు, బండి వెన్నెముకలో ఒక భాగం. డ్రైవరు కూర్చునే తొట్టి వెనక దాన్ని నేరుగా బోల్టులతో బిగిస్తారు. దాని వెనక గేర్‌బాక్సు, ఆ గేర్‌బాక్సును పట్టుకుని వెనక సస్పెన్షను. మధ్యలో వేరే ఛాసిస్ లేదు. అందుకే బొమ్మలో కూడా ఇంజను రవ్వంత వంకరగా అతికితే వెనక చక్రాలు రెండూ వంకరపోతాయి. అక్కడ తొందరపడకు. రబ్బరు బ్యాండ్లు వేసి ఒక రాత్రంతా వదిలెయ్.

ఇక మొదటి పని, పెట్టె తెరవగానే, ముక్కలు అంటుకుని ఉన్న ప్లాస్టిక్ చట్రాలన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి కడుగు. అచ్చులోంచి ముక్క ఊడి రావడానికి పూసే జిడ్డు దాని మీద ఉండొచ్చు. జిడ్డు మీద ఏ రంగూ నిలవదు, నా అనుభవం మీద చెబుతున్నాను. తర్వాత ఒక్కో ముక్కను కట్టర్‌తో చట్రానికి కాస్త దూరంగా తెంపి, మిగిలిన మొటికను బ్లేడుతో చెక్కి, 600 నంబరు వాటర్ పేపర్‌తో నునుపు చెయ్యి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. సస్పెన్షన్ చేతుల మీద, గొట్టాల మీద దాన్ని వదిలేస్తే అది ప్లాస్టిక్ అని అందరికీ అరిచి చెప్పినట్టే. బ్లేడును నిలువుగా పట్టుకుని గీకితే పోతుంది.

ఈ ముక్కలు అతికే ప్లాస్టిక్ సిమెంటు ఫెవిక్విక్ లాంటిది కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది, అంటే వెల్డింగు అన్నమాట. ముక్కలు రెండూ దగ్గర పెట్టి పట్టుకుని, కుంచెతో అతుకు మీద తాకిస్తే చాలు, తనంతట తానే లోపలికి పాకుతుంది. అయితే క్రోమ్ పూత ఉన్నచోటా, రంగు ఉన్నచోటా అది పట్టదు, ముందు అక్కడ గీకెయ్యాలి. డ్రైవరు తొట్టికి పక్కన పారదర్శకమైన చిన్న కిటికీలు ఉన్నాయి చూడు, డ్రైవరుకు తన ముందు చక్రాలు కనపడాలని పెట్టారు. వాటికి మాత్రం ఫెవిక్విక్ తాకించకు, ఆ ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ వాడు. ఆరాక పారదర్శకంగా అయిపోతుంది, పట్టూ చాలు.

అతుకుల్లో సందు మిగిలితే పుట్టీ. చిన్నప్పుడు నిన్ను కొండపల్లి తీసుకెళ్లినప్పుడు అక్కడి వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తెల్ల పొణికి ముక్కలను అతికి, సందులు పూడ్చి, రుద్ది, ఆ తర్వాతే రంగు వేయడం చూశావు. ఇక్కడా అదే వరస. పూడ్చు, ఆరనివ్వు, రుద్దు, రంగు కింద వేసే తొలి పూత ప్రైమర్ కొట్టి చూడు, మళ్లీ గీత కనిపిస్తే మళ్లీ మొదలుపెట్టు. బూడిదరంగు ప్రైమర్ అబద్ధం చెప్పదు.

ఇప్పుడు నువ్వు అడిగిన రంగు.

మన షెడ్డులో కంపెనీ పెయింటు ఉన్న కారు మీద రంగు మందం కొలిచే గేజి పెడితే 100 నుంచి 120 మైక్రాన్లు చూపిస్తుంది. అంటే మిల్లీమీటరులో పదో వంతు. నీ బొమ్మ మీద కూడా అంతే మందం రంగు వేశావనుకో. 12తో హెచ్చించి చూడు, నిజమైన కారు మీద 1.2 మిల్లీమీటర్ల మందం పూసినట్టు. అసలు బండిలో రెండు రేకుల మధ్య 4 మిల్లీమీటర్ల సందు ఉందనుకుంటే, రెండు అంచుల మీదా రంగు పేరుకున్నాక 1.6 మాత్రమే మిగులుతుంది. రివెట్ల తలలు మునిగిపోతాయి, అంచులు గుండ్రంగా అవుతాయి. చాలా బొమ్మ కార్లు మిఠాయిలా మెరుస్తూ బొమ్మల్లానే ఉండిపోవడానికి కారణం ఇదే అని నా నమ్మకం. కాబట్టి ప్రైమర్ కొట్టక ముందే రేకుల మధ్య గీతలను సన్నని మొనతో ఇంకాస్త లోతు చెయ్యి. రంగును పాలంత పల్చగా కలుపు. మేము వాడే 1.4 నాజిల్ గన్ను నీకు పనికిరాదు, 0.3 నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ తీసుకో, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ చాలు. మొదటి కోటు మంచు పడ్డట్టు వెయ్యి, కింద ప్రైమర్ కనిపిస్తున్నా కంగారు పడకు. ఆరాక రెండోది. అప్పుడు కాస్త తడిగా మూడోది. నీలం కింద ప్రైమర్ అంతటా ఒకే రంగులో ఉండాలి. ఒకచోట తెలుపు, ఒకచోట బూడిద ఉంటే పైన నీలం కూడా రెండు రకాలుగా కనిపిస్తుంది.

మన షెడ్డులో కార్ల రంగు పల్చన చేసే ఎన్‌సీ థిన్నర్ వాడదామనుకోకు. అది ఈ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. బొమ్మల కోసం అమ్మే లాకర్ రంగు, దాని థిన్నరే వాడు. అదీ ముందు ఖాళీ చట్రం ముక్క మీద కొట్టి చూశాకే. చెన్నైలో వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, లాకర్ ఆరేటప్పుడు పైన తెల్లగా పాలిపోతుంది. వాన రోజున అసలు ముట్టుకోవద్దు.

టూ-కే క్లియర్, అంటే హార్డెనర్ కలిపి పైన కొట్టే మెరుపు పూత, గురించి అడిగావు. వద్దు. అది ఇంట్లో వాడే సరుకు కాదు. అందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. నాతో పని నేర్చుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు మెట్లెక్కితే ఎలా ఆయాసపడుతున్నారో నువ్వు చూశావు. మామూలు లాకర్ కొట్టేటప్పుడు కూడా కార్ట్‌రిడ్జ్ మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ మాస్కు సరిపోదు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇంజను దగ్గర మాత్రం ఎంతసేపు కూర్చున్నా నాకు సంతోషమే. 90 డిగ్రీల వి ఆకారం, ఒక్కో పక్క నాలుగు సిలిండర్లు, మధ్య లోయలో గాలి పీల్చే ఎనిమిది ట్రంపెట్లు, ఒక్కో పక్క నాలుగు సైలెన్సర్ గొట్టాలు వెనక్కి వచ్చి ఒకటిగా కలుస్తాయి. కీత్ డక్‌వర్త్ గీసిన ఈ 3 లీటర్ల ఇంజను 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో తన మొదటి రేసే గెలిచింది, ఆ బండి నడిపింది జిమ్ క్లార్క్. 1983 దాకా మొత్తం 155 రేసులు గెలిచింది. ఇలాంటి ఇంజనుకు వైర్లు, గొట్టాలు అతికించేటప్పుడు, ఇది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది అని ప్రతిసారీ అడుగు. పెట్రోలు గొట్టమా, ఆయిలుదా, నీళ్లదా, ప్లగ్గు వైరా? ప్లగ్గు వైర్లు ఎనిమిదే, సిలిండరుకు ఒకటి. అలంకారానికి తొమ్మిదోది పెట్టకు. నిజమైన ప్లగ్గు వైరు 7 మిల్లీమీటర్లు ఉంటుంది, నీకు 0.6 మిల్లీమీటర్ల వైరు కావాలి. దుకాణంలో ఏది కొన్నా ముందు 12తో హెచ్చించి చూడు. ఒక మిల్లీమీటరు వైరు చేతిలో సన్నగానే కనిపిస్తుంది కానీ బండిలో అది తోటకు నీళ్లు పెట్టే పైపంత అవుతుంది. సైలెన్సర్ గొట్టాలకు వెండి రంగు వెయ్యకు. ఇంజను దగ్గర వేడికి గోధుమ రంగు తిరిగి, వెనక్కి పోయేకొద్దీ బూడిదగా ఉంటాయి.

స్టిక్కర్ల సంగతి నీకు తెలిసిందే, మెరిసే ఉపరితలం మీద వేస్తేనే కింద గాలి చేరదు. ఎల్ఫ్, గుడ్‌ఇయర్ కంపెనీల పేర్ల అక్షరాలు వేశాక పల్చగా ఒక క్లియర్ కోటు చాలు. అద్దంలా చెయ్యడానికి పాలిష్ మీద పాలిష్ పట్టించకు. అది పెళ్లి కారు కాదు, రేసు బండి. ఇంకోటి, 1975లో చూపించిన బండీ, 1976లో రేసుల్లో పరిగెత్తిన బండీ ఒకటి కావు. ఏ రేసు బండి కడుతున్నావో ముందే తేల్చుకుని, ఆ రేసు ఫోటోలే గోడకు అంటించుకో.

3 నంబరు బండి కట్టాలా, 4 నంబరు బండి కట్టాలా అన్నావు. స్వీడన్‌లో గెలిచిన షెక్టర్‌ది 3. కానీ స్పెయిన్‌లో ఈ బండిని మొట్టమొదట రేసులోకి తీసుకెళ్లింది డెపాయే, మొదటి నుంచీ దాని మీద నమ్మకం పెట్టుకున్నదీ ఆయనే. నాకైతే 4 ఇష్టం. కట్టేది నువ్వు, నీ ఇష్టం. ఇంజను మూత మాత్రం జిగురుతో అతికించకు, ఊడదీసేలా ఉంచు. నేను వచ్చినప్పుడు ఆ ఎనిమిది వైర్లూ లెక్కపెట్టుకోవాలి.

600 నుంచి 2000 దాకా వాటర్ పేపర్లు, రెండు మాస్కింగ్ టేపులు, మాస్కు కార్ట్‌రిడ్జులు పార్శిల్ చేశాను. అమ్మ అందులో గోంగూర పచ్చడి సీసా కూడా పెట్టింది, నిటారుగా పట్టుకుని విప్పు.

ఉంటాను.

నాన్న