పసిచేతుల పండగ కానుకలు: కాలనీ సంక్షేమ సంఘం బాలల విభాగం వార్షిక నివేదిక (విశ్వావసు నామ సంవత్సరం)

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2025 మార్చి 30న మొదలైన విశ్వావసు నామ సంవత్సరంలో మన బాలల విభాగం ఒకే పని పెట్టుకుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు పండక్కి ఇంట్లోవాళ్ల కోసం తమ చేత్తో ఒక కానుక తయారుచేయాలి. రాఖీ, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి పండగలకు ముందు కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చేయించాం. ఏవి ఈ వయసుకు కుదురుతాయి, సామాను ఎంత కావాలి, పని ఎక్కడ చెడుతుంది అన్నవి వచ్చే ఏడాది ఎవరు బాధ్యత తీసుకున్నా అక్కరకొచ్చేలా ఇక్కడ రాస్తున్నాం. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో విడిగా ఉన్నాయి.

ఈ వయసు పిల్లలు చేసే పని పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అది ఆరడానికి మాత్రం రోజులు పడుతుంది. పాడయ్యే కానుకల్లో ఎక్కువ భాగం తడి ఆరకముందే రంగు వేయడం, రంగు ఆరకముందే పొట్లం కట్టడం వల్ల పాడవుతాయి. రాఖీ శ్రావణం ముసురులో వస్తుంది. దీపావళి వచ్చేసరికి కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు పడుతుంటాయి. సంక్రాంతికి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కాగితం పనికి అదే మంచి అదను. కానుకను ఎంచుకునేటప్పుడు పండగతో పాటు రుతువును కూడా చూడాలి.

ఎవరు ఏ పని చేయగలరో కూడా ముందే అనుకోవాలి. మూడేళ్ల పిల్లలు కాగితం చింపుతారు, అంటిస్తారు, అచ్చులు గుద్దుతారు. నాలుగేళ్లకు మొన లేని కత్తెరతో తిన్నగా కత్తిరించగలరు. గీత వెంబడి వంపు తిప్పడం చాలామందికి ఐదేళ్లకు గానీ రాదు. చాకు, పొయ్యి, మిక్సీ పనులు పెద్దలవే. పెద్దలు మానుకోవాల్సిన పని కూడా ఒకటుంది. పిల్లలు వంకరగా అంటించిన పువ్వును సరిచేయకూడదు. తాతయ్యకు అందాల్సింది మనవరాలు అంటించిన పువ్వే.

రాఖీలు

ఊలు దారం 30 సెంటీమీటర్లు కత్తిరించి, ఒక కొసకు మూడు సెంటీమీటర్ల మేర టేపు బిగుతుగా చుట్టాలి. అది సూదిలా గట్టిగా నిలబడుతుంది. రెండో కొసన ఒక పూస ముడివేసి ఉంచితే గుచ్చినవి జారిపోవు. పెద్ద రంధ్రం ఉన్న చెక్కపూసలు ఐదారు చాలు. అంతకంటే ఎక్కువైతే పిల్లలు విసుగెత్తి మధ్యలో వదిలేస్తారు. మధ్యలో బిళ్ల కావాలంటే నాలుగు సెంటీమీటర్ల అట్టముక్క మీద రంగు కాగితం చింపి అంటించమనాలి. ఫెవికాల్ బొట్లుబొట్లుగా పోస్తే ముసురులో రాత్రంతా ఉంచినా లోపల తెల్లగానే ఉంటుంది. కాబట్టి బ్రష్షుతో పల్చగా పూయాలి.

మూడేళ్లు నిండని తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే పూసల రాఖీ వద్దు. బొమ్మల భద్రతా పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు పసిపిల్లల గొంతులో అడ్డుపడగలదు. పూసలన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. అలాంటి ఇంట్లో అట్టబిళ్ల రాఖీ చేయించడమే మేలు.

దీపావళి ప్రమిదలు

కొత్త మట్టి ప్రమిదల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి కనీసం ఒక రోజంతా ఆరనివ్వాలి. నానబెట్టడం వల్ల దుమ్ము వదులుతుంది, నూనె పీల్చడం కొంత తగ్గుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా అడుగు చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. ఆ తేమ మీద రంగు వేస్తే రెండు రోజుల్లో పొరలుగా ఊడిపోతుంది. ముందు పెద్దలు బయటివైపు తెల్ల అక్రిలిక్ రంగు ఒక పూత వేసి ఆరబెట్టాలి. తర్వాత పిల్లలు దూది పుల్లతో చుక్కలు పెడతారు. ఈ వయసుకు బ్రష్షు కంటే దూది పుల్లే అనుకూలం. దానితో రంగు కారదు, చుక్క పెట్టిన చోటే ఉంటుంది. పోస్టర్ కలర్ అయితే నూనె చేతులు తగలగానే వదిలిపోతుంది.

లోపలివైపు, వత్తి వచ్చే మూతి దగ్గర ఒక సెంటీమీటరు మేర రంగు తగలకూడదు. మెరుపు పొడి, కాగితం పువ్వులు, జరీ దారం ప్రమిదకు అంటించవద్దు, అవి మంటకు అంటుకుంటాయి. ఎంత నానబెట్టినా మట్టి ప్రమిదలోంచి నూనె కొంత చెమ్మగిల్లి బయటి రంగు మీద మరకలు పడతాయి. కానుక చాలాకాలం చూడ్డానికి బాగుండాలంటే అందులో నూనె పోయకుండా, అల్యూమినియం గిన్నెలో వచ్చే చిన్న కొవ్వొత్తిని పెట్టి ఇవ్వమని చెప్పాం.

నరక చతుర్దశి తలంటికి అమ్మమ్మ, నానమ్మల కోసం నలుగుపిండి సీసాలు కూడా చేయించాం. శనగపిండి రెండు కప్పులు, పెసరపిండి ఒక కప్పు, బియ్యప్పిండి అర కప్పు, కస్తూరి పసుపు ఒక చెంచా. వెడల్పాటి బేసిన్లో వేసి పిల్లలు చేత్తో కలుపుతారు, జల్లెడ పడతారు, గరాటు పెట్టి సీసాలో నింపుతారు. వాళ్లకు కొలవడమంటే మహా సరదా. ఇక్కడా శత్రువు తడే. సీసాను కడిగి ఒక రోజంతా ఎండలో పెట్టకపోతే పిండి ఉండకట్టి పురుగు పడుతుంది. పండగ నాటికి కలిపింది రెండు నెలల్లో వాడేయమని సీసా మీద చీటీ అంటించాలి. పసుపు పడిన బట్టకు సబ్బు రాయగానే ఎర్రబడుతుంది. కంగారు పడనక్కర్లేదు, ఉతికి ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది.

ఉప్పుపిండి బిళ్లలు

క్రిస్మస్‌కు చేయించిన నక్షత్రాలు, చేతిముద్ర బిళ్లల గురించి సభ్యులు ఎక్కువగా అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. మైదా రెండు కప్పులు, మెత్తటి ఉప్పు ఒక కప్పు, నీళ్లు ముప్పావు కప్పు. కల్లుప్పు వాడితే బిళ్ల గరుకుగా వస్తుంది, ఆరాక గుంటలు పడతాయి. బేకింగ్ పౌడర్ కలిసిన పిండి పొంగి ముద్ర చెరిగిపోతుంది. నీళ్లు ఒక్కసారే పోయకుండా చివర్లో చెంచా చొప్పున చేర్చుతూ పది నిమిషాలు మర్దించాలి. వేలికి అంటుకుంటే చెంచాడు మైదా, పగుళ్లు కనిపిస్తే నాలుగు చుక్కల నీళ్లు.

పిండికి రెండు వైపులా రెండు పెన్సిళ్లు పెట్టి వాటి మీదుగా అప్పడాల కర్ర దొర్లించమనండి. ఎవరు ఒత్తినా మందం ఒకేలా, ఆరేడు మిల్లీమీటర్లు వస్తుంది. మందం ఒకేలా లేకపోతే పల్చటి చోట ముందు ఆరి బిళ్ల వంకర తిరుగుతుంది. చేతిముద్రకు 12 సెంటీమీటర్ల బిళ్ల కావాలి. పిల్లలు చెయ్యి పెట్టాక ఒక్కో వేలినీ పెద్దలు మెల్లగా నొక్కాలి. వదిలేస్తే అరచేయి దిగుతుంది, వేళ్లు పడవు. చేతి మీద గాయం ఉంటే ఉప్పు మండుతుంది, ఆ రోజుకు ఆ బిడ్డతో అచ్చుతో నక్షత్రాలు కోయించండి. వేలాడదీయడానికి స్ట్రాతో అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల రంధ్రం చేయాలి.

ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర రెండు, మూడు గంటలు ఉంచి మధ్యలో తిప్పాలి. వేడి పెంచితే బుడగలు వచ్చి ఎర్రబడుతుంది. ఓవెన్ లేకపోతే జల్లెడ మీద పెట్టి ఫ్యాను గాలికి మూడు, నాలుగు రోజులు ఉంచి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తిప్పండి. ఎర్రటి ఎండలో పెడితే పై పొర గట్టిపడి లోపలి తేమ బయటికి రాలేక పగులుతుంది. అడుగు మధ్యలో ముదురు రంగు మచ్చ కనిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం. రంగు వేశాక రెండు వైపులా, అంచులకూ పెద్దలు వార్నిష్ పూయాలి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. వార్నిష్ లేని బిళ్ల తర్వాతి వానాకాలంలో మెత్తబడి దారం దగ్గర తెగిపోతుంది. ఇంట్లో కుక్క ఉంటే బిళ్ల అందని ఎత్తులో కట్టండి, అంత ఉప్పు తింటే దానికి ప్రమాదం.

సంక్రాంతి కార్డులు, ఉండలు

ముదురు బెండకాయను తొడిమ వైపు నుంచి నాలుగు సెంటీమీటర్లు అడ్డంగా కోస్తే పిల్లల పిడికిలికి సరిపోయే అచ్చు అవుతుంది. అచ్చు గుద్దిన చోట ముగ్గులో పెట్టే పువ్వులాంటిది పడుతుంది. కోసిన ముఖాన్ని పది నిమిషాలు పాతగుడ్డ మీద బోర్లించి ఉంచాలి, లేకపోతే జిగురుకు రంగు జారి పువ్వు ముద్దలా పడుతుంది. రంగును పళ్లెంలో పోయవద్దు. తడి స్పాంజి మీద పోస్టర్ కలర్ రాసి దాన్నే స్టాంపు ప్యాడ్‌లా వాడాలి. జిరాక్స్ కాగితం ముడతలు పడుతుంది. దళసరి డ్రాయింగ్ షీటునే మడిచి కార్డు చేయండి. వెనకాల పేరు, తేదీ, వయసు రాయడం మరవకండి.

బెల్లం పాకం వేడి కాబట్టి నువ్వుల ఉండలకు బదులు ఖర్జూరం ఉండలు చేయించాం. ఖర్జూరం 200 గ్రాములు, వేయించి చల్లార్చిన నువ్వులు 100 గ్రాములు, రెండు యాలకులు. గింజ తీసినవని రాసి ఉన్న పొట్లంలోనూ అక్కడక్కడా గింజ ఉంటుంది, ప్రతిదాన్నీ విప్పి చూడాలి. ఖర్జూరాన్ని పెద్దలు మిక్సీలో వేసి, నువ్వుల్లో సగం, యాలకుల పొడి కలిపి ఇస్తే, పిల్లలు చేతికి నెయ్యి రాసుకుని ఉసిరికాయంత ఉండలు చేసి మిగతా నువ్వుల్లో దొర్లిస్తారు. 20 గ్రాముల చొప్పున 15 ఉండలు వస్తాయి. నువ్వులు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగాలి.

వచ్చే ఏడాదికి

పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం రావడంతో పండగలు ఆలస్యంగా వస్తున్నాయి. 2026లో రాఖీ పౌర్ణమి ఆగస్టు 28న, దీపావళి నవంబరు 8న. రాఖీల పని ఆగస్టు 20 లోపు, ప్రమిదలు నానబెట్టడం అక్టోబరు 30న మొదలవ్వాలి. ఉప్పుపిండి బిళ్లలు డిసెంబరు 15కల్లా ఒత్తేయాలి. రంగులు కొనేటప్పుడు మూడేళ్లు దాటినవారికి అని రాసి ఉన్న, నీళ్లతో కడిగితే పోయేవి తీసుకోవాలి. ప్రమిదలకు, బిళ్లలకు మాత్రం అక్రిలిక్ తప్పదు, దానికి పాత చొక్కాలు వేసి పంపండి. మూత బిగుతుగా ఉన్న ఖాళీ గాజు సీసాలు, చెప్పుల డబ్బాల అట్టలు, మిగిలిన ఊలు ఉండలు పారేయకుండా సంఘం ఆఫీసులోని బుట్టలో వేయండి. సీసాలు కడిగి, ఆరబెట్టి ఇవ్వాలని మనవి.

బాలల విభాగం, కాలనీ సంక్షేమ సంఘం