కొండల్లో తిరుగుతున్న సౌమ్యకి

సౌమ్యా,

ఎలా ఉన్నావు నాన్నా? మెసేజ్ పెడితే ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటున్నావు, అందుకే కూర్చుని పెద్దగానే రాస్తున్నా, తీరిక దొరికినప్పుడు చదువుకో. ప్రత్యేకంగా ఏమీ లేదు. నిన్న రాజీ పిన్ని ఫోన్ చేసింది, మాటల్లో మాటగా నీ జియాలజీ మ్యాపింగ్ పార్ట్‌నర్ నీతో గొడవపడి వేరే గ్రూపులో కలిసిపోయిందట, నువ్వు ఒక్కదానివే కొండలెక్కుతున్నావట అంది. పిన్ని సంగతి తెలిసిందేగా, గోరంత ఉంటే కొండంత చేస్తుంది. నేనేం పట్టించుకోలేదు, ఊరికే చెప్తున్నా.

బూట్లు ఎలా ఉన్నాయి? కొత్తవి వేసుకుని సరాసరి ఫీల్డ్‌కి వెళ్ళొద్దే, ముందు ఇంట్లో నాలుగు రోజులు తిరుగు అని ఎంత మొత్తుకున్నా విన్నావు కాదు. మడమ దగ్గర బొబ్బ లేస్తే గిల్లకు, టేప్ వేసుకో.

ఇంతకీ మ్యాప్ ఎంతదాకా వచ్చింది? మొదట్లో అందరికీ అలాగే ఉంటుందిలే, పుస్తకంలో రంగురంగులుగా కనిపించిన ఫార్మేషన్లన్నీ అక్కడికి వెళ్ళి చూస్తే నాచు పట్టి, ఎండకీ వానకీ నలిగి, ఒకే బూడిద రంగు మొహాలు వేసుకుని కూర్చుంటాయి. పైపైన చూసి పేరు పెట్టేయకు. అంచున చిన్న ముక్క కొట్టి లోపలి తాజా ముఖం చూడు, లెన్స్‌ని కంటికి ఆనించుకుని రాయిని దగ్గరికి తెచ్చుకో, అంతేగానీ లెన్స్ రాయి మీద పెట్టి నువ్వు దూరం నుంచి చూడటం కాదు. యాసిడ్ ఒక్క చుక్క చాలు. సున్నపురాయి అయితే బుసబుసా పొంగుతుంది, డోలమైట్ అయితే కత్తితో గీకి ఆ పొడి మీద వేస్తేగానీ సరిగ్గా పొంగదు. ఆ సీసాకి మూత గట్టిగా పెట్టి విడిగా కవర్లో చుట్టి పెట్టుకో, మీ మావయ్య ప్యాంటు కథ గుర్తుందిగా. రాయి కొట్టేటప్పుడు గాగుల్స్ పెట్టుకో. ఒక సుత్తి తలని ఇంకో సుత్తితో మాత్రం కొట్టకు, ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడితే అంతే సంగతులు.

ఇవన్నీ నీకు తెలుసని నాకూ తెలుసు. లెక్చర్ ఇవ్వకూడదు అనుకునే పెన్ను పట్టుకున్నా. అయినా ఇంకొక్కటి, దొర్లొచ్చి పడిన బండ మీద డిప్, అదే పొర వాలు, తీయకు, పక్కన రెండు మూడు చోట్ల అదే వాలు ఉందో లేదో చూసుకున్నాకే అది నేలకి అంటుకున్న అసలు రాయి, ఔట్‌క్రాప్ అని నమ్ము. కంపాస్ చదివేటప్పుడు నడుముకున్న సుత్తి తీసి దూరంగా పెట్టు, లేకపోతే సూది దాని వైపే లాగుతుంది. సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా, ఆ డెక్లినేషన్ సెట్ చేశావా? స్ట్రైక్ (పొర సాగే దిక్కు), డిప్ నువ్వు తీస్తుంటే పుస్తకంలో ఎవరు రాస్తున్నారు? ఊరికే అడిగా.

సాయంత్రం రూముకి రాగానే పడుకోకుండా ఆ రోజు గీసింది ఆ రోజే ఇంక్ చెయ్యి. మీది 1:10,000 మ్యాపే కదా, దాని మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 10 మీటర్లు. పెన్సిల్ మొద్దుబారిపోయిందంటే నీ కాంటాక్ట్, అదే రెండు రకాల రాళ్ళు కలిసే గీత, ఒక రోడ్డంత వెడల్పు అయిపోతుంది. కళ్ళారా చూసిన కాంటాక్ట్‌కి నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత, మట్టి కింద దాక్కున్నదానికి చుక్కలు. అన్నీ నిండు గీతలే ఉన్న స్టూడెంట్ మ్యాప్ చూస్తే నాకు అనుమానమే, నేల ఎక్కడా అంత పూర్తిగా కనబడదు.

మా ఫీల్డ్‌వర్క్‌లో నా పార్ట్‌నర్ మన పద్మాంటీయే. ఒక వాలు మీద కింద నుంచి పైకి ఎక్కుతుంటే ముందు సున్నపురాయి, తర్వాత షేల్ అనే మట్టిరాయి, మధ్యలో ఇసుకరాయి, మళ్ళీ షేల్, మళ్ళీ సున్నపురాయి వచ్చాయి, పొరలన్నీ కొండలోపలికి ఒకే వైపు వాలి ఉన్నాయి. పద్మ ఏమో ఇవి రెండు వేర్వేరు సున్నపురాళ్ళు అంటుంది, నేను కాదు ఒకటే మడత పడి రెండుసార్లు కనిపిస్తోంది అంటా. ఇద్దరం మొండిఘటాలమే కాబట్టి ఆ పూటంతా మాటల్లేవు, ఒకళ్ళు రీడింగ్ అరవడం ఇంకొకళ్ళు రాసుకోవడం, అంతే. చివరికి తేల్చింది ఇసుకరాయే. క్రాస్ బెడ్డింగ్‌లో, అంటే పొర లోపల ఏటవాలుగా ఉండే సన్న పొరల్లో, వంపు గీతలు అడుగున మెల్లగా పొరకి ఆనుకుంటాయి, పైన కత్తితో కోసినట్టు తెగిపోతాయి, కాబట్టి తెగిన వైపే పొర ఏర్పడినప్పటి పైభాగం. ఇసుకరాయి కింది అంచున తెగినవి పైకే ఉన్నాయి, బాగానే ఉంది. పై అంచుకి వెళ్ళి చూస్తే అక్కడ తెగినవి కిందకి ఉన్నాయి! పద్మ నమ్మలేక తల పూర్తిగా కిందకి వాల్చి, జడ నేలకి తగులుతుంటే అలాగే చాలాసేపు చూసి, "ఒసేయ్, ఇది తలకిందులైందే" అంది. పైన సగం మొత్తం తిరగబడి, మడతలో లోపలున్న ఇసుకరాయే అన్నిటికంటే వయసులో చిన్నదని తేలింది. ఆ సంబరంలో స్కెచ్ మీద స్కెచ్ గీస్తూ కూర్చున్నాం, ఈలోపు మంచు కమ్మేసింది, తొందరగా దిగుతుంటే గులకరాళ్ళ వాలు మీద పద్మ కాలు మడత పడింది. అడుగు వేయలేకపోయింది. తనకి నా కోటు కూడా కప్పి కూర్చోబెట్టి నేను విజిల్ ఊదడం మొదలుపెట్టా, నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. పక్క గట్టు మీద ఉన్న మావాళ్ళు మూడు ఊది జవాబిచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. తను ఒక్కతే ఉండుంటే ఏమయ్యేది అని ఇప్పటికీ అనుకుంటుంది. పొరల గురించి చెబుదామని మొదలుపెట్టా, ఎక్కడికో వెళ్ళిపోయింది.

విజిల్ ఉందా నీ దగ్గర?

పాతకాలం జియాలజిస్టు లాప్‌వర్త్ గురించి మీకు చెప్పారా? స్కాట్లాండ్ దక్షిణాన చాలా మందమైన రాతి వరుస ఉందని అందరూ అనుకుంటుంటే, బడిపంతులుగా పనిచేస్తూనే పొరపొరలో గ్రాప్టొలైట్ శిలాజాలు ఏరి, ఉన్నవి కొన్ని పలచటి పొరలే, మడతలు పడి మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయని 1878లో తేల్చేశాడు. నాకు ఆయనంటే భలే ఇష్టం. కానీ తర్వాత స్కాట్లాండ్ వాయవ్యాన ఉన్న కొండల్లో మ్యాపింగ్ చేస్తూ చేస్తూ మనిషి పూర్తిగా కుదేలైపోయాడు, రాత్రిళ్ళు తను మ్యాప్ చేస్తున్న పెద్ద రాతి పలక తన మీద నుంచి రాసుకుంటూ పోతున్నట్టు అనిపించేదట. నిద్ర పోతున్నావా సరిగ్గా?

ఆడపిల్లనని ఇన్ని చెప్తోంది అని మొహం ముడుచుకోకు. ఫ్లోరెన్స్ బాస్కమ్ జాన్స్ హాప్‌కిన్స్‌లో తెర వెనక కూర్చుని పాఠాలు విని 1893లో డాక్టరేట్ తీసుకుంది, 1896లో అమెరికా జియాలజికల్ సర్వేలో చేరిన మొదటి మహిళ ఆవిడే. కొండెక్కడం మన వల్ల కాదని నేనెందుకంటాను? రేపు చిన్నాడు వెళ్ళినా ఇదే చెప్తా, వాడికైతే ఇంకా ఎక్కువ చెప్పాలి.

గొడవే నిజమైతే తప్పెవరిదని అడగను. నువ్వు కూడా తక్కువేం కాదు, తెల్లారకముందే లైటేసి లేపుతావు, ఎదుటివాళ్ళ చేతిలో పెన్సిల్ లాక్కుని గీస్తావు. ఆ అమ్మాయితో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, పక్కన నడవండి చాలు. అదీ కుదరకపోతే మీ సార్‌తో చెప్పి ఇంకొకరితో కలువు. పొద్దున్నే ఏ రూట్‌లో వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో కాగితం మీద రాసి ఎవరికైనా ఇచ్చి వెళ్ళు. క్వారీ గోడ కింద హెల్మెట్ లేకుండా నిలబడకు, పైన రాయి వేలాడుతుంటే ఎంత మంచి సెక్షన్ అయినా వదిలెయ్. టార్చ్ ఛార్జింగ్ పెట్టు, నీళ్ళు సగం అయ్యాయంటే వెనక్కి తిరుగు.

ఇంకోటి, నోట్‌బుక్ వానలో తడిస్తే మొత్తం పోతుంది, కాబట్టి ఏ రోజు పేజీలు ఆ రోజు ఫోటో తీసి నాకు పంపు, నా దగ్గర కాపీ ఉంటుంది. పేజీ పైన తేదీ, టైము, వాతావరణం, ఆ రోజు వెంట ఎవరున్నారు, ఇవి రాయడం పద్ధతి. ఆ పైలైను కూడా కనబడేలా తియ్యి.

అమ్మ