మంత్రిగారూ, ముందు మా బడికి రెండో మేస్టారిని పంపండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రెండో మేస్టారు కావాలని మండలంలో అర్జీ ఇచ్చాం, జిల్లాలోనూ ఇచ్చాం. మీ సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏది పరిష్కారమైందో తెలియక ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు కొండవార బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ని (ఎస్జీటీ). ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ నావే. హాజరు, లెక్కలు పంపమనే యాప్‌ల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? మా ఊళ్లో అవెలా నడుస్తాయో మాత్రం వినండి.

పొద్దున్నే ముఖ హాజరు, అంటే ఫోన్‌కి ముఖం చూపించి వేసే నా హాజరు. బడిలో సిగ్నల్ ఉండదు. చెరువు గట్టెక్కితే రెండు గీతలొస్తాయి, కానీ అక్కడ నేను పాఠశాల పరిధిలో లేనని యాప్ అంటుంది. నిజమే, లేను. పరిధిలోకొస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇటూ అటూ నేను తిరుగుతుంటే ఒకటో తరగతి పిల్లలు వెనకాలే వరసకట్టి వస్తారు, వాళ్లకదో ఆట. ఆ తర్వాత పిల్లల హాజరు, కోడిగుడ్ల లెక్క. "మేస్టారూ, సదువు సెప్తన్నారా, ఫోన్ సూస్తన్నారా?" అని ఓ తల్లి అడిగేసింది కూడా.

మొన్న నాలుగో తరగతి పాప 402 లోంచి 178 తీసేసి 376 వేసి పలక పట్టుకుని నిలబడింది. పైదా కిందదా అని చూడకుండా ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. పక్కన కూర్చుని పుల్లల కట్టలు విప్పి చూపిస్తే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ యాప్ పనికి పోయాయి. మర్నాడు కొత్త పాఠం, ఆ తప్పు అలాగే ఉండిపోయింది.

టెక్నాలజీ అంటే నాకు పడదనుకోకండి. టీవీలో పాట వేస్తే ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు కూడా తెలుగు మాటలు గబగబా పట్టేస్తారు. పెన్‌డ్రైవ్ ఉంటే నెట్ కూడా అక్కర్లేదు. కాకపోతే మా బడిలో అది పాఠం చెప్పేదానికన్నా మిగతా నాలుగు తరగతుల్ని కూర్చోబెట్టేదే ఎక్కువ.

యాప్‌లన్నీ కలిపి ఒకటే చేస్తామన్నారు, సంతోషించాం. లీప్ అనే ఆ ఒక్క యాప్ వచ్చాక ఫోన్‌లో బొమ్మ ఒకటయింది, లోపల పనులు అవే. 60 మందిలోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. దాని అమలుకి కూడా ఒక ఫొటో అడిగితే బాగుండేది, ఖాళీ కుర్చీ తీసి పంపేవాణ్ని.

సిగ్నల్ లేని బడికి రిజిస్టర్‌లో సంతకం చాలదా సార్? గుడ్ల లెక్క సాయంత్రం పంపితే కొంప మునుగుతుందా? దయచేసి ఏదో ఒకటి చెయ్యండి. తనిఖీకి వస్తానంటే సంతోషం. రాకపోయినా పర్లేదు, రెండో మేస్టారిని పంపండి.

ఇట్లు,
ఒక ఏకోపాధ్యాయ పాఠశాల మేస్టారు
శ్రీకాకుళం జిల్లా