అమ్మలూ, బండికి పల్లం వైపు నిలబడకు

మాధవరం,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ గుడికి నడిచే వెళ్తోంది. నువ్వు పంపిన పాడేరు కొండల ఫొటోలు, కాఫీ తోటల ఫొటోలు పక్కింటివాళ్ళందరికీ చూపించింది. వీడియో మాత్రం నేను తనకి చూపించలేదు.

మీ గుంపు బండి బోల్తా పడ్డ ఆ వీడియో గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలో ఎవరో ఒకరు వస్తారు, మాట తెగిపోతుంది. కాగితం మీద ఉంటే నువ్వు రెండోసారి చదువుకోవచ్చు, మీ గుంపులో వాళ్ళకీ చదివి వినిపించవచ్చు.

ముందు నాకు నచ్చిన సంగతి చెప్తాను. మీ స్నేహితుడి థార్ జీపు పక్కకి పడగానే అందరూ అరుస్తున్నారు. నువ్వు మాత్రం "ఇంజన్ ఆపు" అన్నావు. ఆ తర్వాత "బెల్టు ఇప్పుడే తీయకు, ముందు చెయ్యి ఆనించు, కాళ్ళు బిగబట్టు" అన్నావు. ఆ మాట వినగానే నా కడుపు నిండిపోయింది. బెల్టుకి వేలాడుతున్న మనిషి కంగారులో బటన్ నొక్కేస్తే తల కిందికొచ్చి మెడ మీద పడతాడు. పల్టీలో తగలని దెబ్బ అక్కడ తగులుతుంది. మెడ నొప్పి, వీపు నొప్పి అంటే మాత్రం, మంటల భయం లేనంతవరకూ మనిషిని కదపకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆ కొండల్లో సిగ్నల్ దొరకదు కాబట్టి, సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చిందో ఎక్కేటప్పుడే ఒకరు గుర్తు పెట్టుకోవాలి.

అబ్బాయి బయటికి వచ్చాక జరిగింది చూసి నాకు చెమట పట్టింది. నలుగురు కుర్రాళ్ళు పల్లం వైపు దిగి, టాపు కింద భుజాలు పెట్టి తోశారు. పైనుంచి ఇంకో బండి స్ట్రాప్, అంటే పట్టీలాంటి తాడు, కట్టి కుదుపుతూ లాగింది. "ఐదు నిమిషాల్లో లేపేశాం నాన్నా" అని రాశావు. ఆ స్ట్రాప్ తెగి ఉంటే, కొక్కెం ఊడి ఉంటే, పావు తక్కువ రెండు టన్నుల బండి ఆ నలుగురి మీదుగా లోయలోకి పోయేది. ఆ వాలులో పక్కకి తప్పుకునే చోటు కూడా లేదు. నేను ఆపి ఆపి చూశాను.

మనుషులు బయటికొచ్చేశాక ఇక తొందర దేనికమ్మా? పడ్డ బండి సాయంత్రం దాకా, కావాలంటే రేపటి దాకా అక్కడే ఉంటుంది. పెట్రోలు కారుతుంటే దగ్గరికే పోకూడదు. కారకపోతే బ్యాటరీ నెగటివ్ తీసేసి, దూరంగా కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు ఆలోచించాలి. నేను చూసినంతలో బండి పడ్డప్పుడు దెబ్బలు తగిలినవాళ్ళ కంటే, దాన్ని లేపేటప్పుడు దెబ్బలు తగిలినవాళ్ళే ఎక్కువ.

నాన్న సైన్యంలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ కోర్‌లో చేశాడని నీకు తెలుసు. 15 అక్టోబరు రోజు బడాఖానాకి, అంటే జవాన్లంతా కలిసి తినే విందుకి, నిన్ను ఎత్తుకుని తీసుకెళ్ళేవాణ్ణి. 1943లో మా కోర్ పుట్టిన రోజది. అక్కడ నేను చేసిన పనేంటో నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రైనింగ్ అయ్యాక నన్ను రికవరీలో వేశారు. యుద్ధంలో అయినా శాంతిలో అయినా, దిగబడ్డ బండినీ బోల్తా పడ్డ బండినీ తిరిగి రోడ్డు మీదికి తేవడమే మా పని.

అరుణాచల్‌లో సేలా కనుమ కింద ఒక జిప్సీ రోడ్డు జారి కిందికి పోయింది. సేలా అంటే సుమారు 4,170 మీటర్ల ఎత్తు. పది అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది, పొగమంచులో పక్కవాడి మొహం కనబడదు. బండిలోవాళ్ళు చిన్న దెబ్బలతో బయటపడి అప్పటికే ఆసుపత్రికి వెళ్ళిపోయారు. జిప్సీ ఒక రాయికి ఆనుకుని పక్కకి పడి ఉంది. మాకు పని నేర్పే పెద్దాయన, మా ఉస్తాద్, ఎవరినీ దిగనివ్వలేదు. తనొక్కడే పై వైపునుంచి అటూ ఇటూ నడిచి చూశాడు. అప్పుడు ఒక కుర్రాడు, లోపల కాగితాల సంచీ ఉంది తెస్తానని పల్లం వైపు అడుగు వేయబోయాడు. ఉస్తాద్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ముందు పైనుంచి ఒక తాడు కట్టించాడు, లేపడానికి కాదు, కేవలం పట్టి ఉంచడానికి. ఆ తాడు బిగిసి జిప్సీ ఒక జానెడు కదిలిందో లేదో, దానికి ఆనుకున్న రాయి మట్టిలోంచి ఊడింది. ఆ కుర్రాడు కాలు పెట్టబోయిన చోటు మీదుగానే దొర్లుకుంటూ మంచులోకి పోయింది. ఎక్కడో కింద పడిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. బండి మాత్రం తాడు మీద నిలబడింది.

అందుకే చెప్తున్నాను, మొదటి తాడు ఎప్పుడూ పట్టి ఉంచే తాడే. అది బిగిసేదాకా ఎవరూ బండిని ముట్టుకోకూడదు. బిగిశాక కూడా పల్లం వైపు ఎవరూ ఉండకూడదు. వాలు 30 డిగ్రీలుంటే బండి బరువులో సగం కిందికి లాగుతూనే ఉంటుంది. థార్ అయితే అది దాదాపు 875 కిలోలు. నేల మీద రాపిడి కొంత ఆపుతుంది కానీ వాన పడ్డ ఎర్రమట్టిలో ఆ రాపిడిని నమ్ముకోకూడదు.

తాడు దేనికి కట్టాలన్నది రెండో ప్రశ్న. మీరు తిరిగే తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు చాలా ఉంటాయి. పచ్చిగా, లావుగా ఉన్న చెట్టు చూసి, మొదలు దగ్గర, నేలకి వీలైనంత దగ్గరగా కట్టాలి. ఎత్తులో కడితే చెట్టు వేళ్ళతో లేస్తుంది. వించ్ అంటే మోటారుతో తాడుని చుట్టుకుంటూ లాగే యంత్రం. దాని తాడుని చెట్టుకి చుట్టి కొక్కెం ఆ తాడుకే తగిలించకూడదు. తాడు పాడవుతుంది, చెట్టు బెరడూ తెగుతుంది. వెడల్పాటి స్ట్రాప్ వేసి షాకిల్‌తో, అంటే మేకు బిగించే ఇనుప కొంకితో, కలపండి. ఆ చెట్ల మీద మిరియాల తీగలు పాకి ఉంటాయి. అవి ఎవరో గిరిజన రైతు ఏడాది సంపాదన. తీగ లేని చెట్టు వెతకండి. దొరక్కపోతే తోట ఆయన్ని అడిగి కట్టండి, నష్టం జరిగితే డబ్బిచ్చి రండి. ఈ మాట నీకు విడిగా చెప్పక్కర్లేదు, మీ గుంపు కోసం రాస్తున్నాను.

చెట్టే లేకపోతే ఇంకో బండిని లంగరుగా వాడొచ్చు. కానీ దాని నాలుగు చక్రాలకీ రాళ్ళు అడ్డం పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ ఒక్కటే చాలదు.

ఇక లేపడం. మీ బండి పక్కకి పడి, టాపు పల్లం వైపు, చక్రాలు కొండ వైపు ఉన్నాయి. ఇది కొంత అదృష్టం, ఎందుకంటే కొండ వైపుకే లాగి నిలబెట్టొచ్చు. ఆకాశం వైపు ఉన్న చాసిస్ పట్టీకి, అంటే బండి అడుగున పొడవునా ఉండే ఇనుప దూలానికి, తాడు కట్టి కొండ వైపుకి లాగాలి. బంపర్‌కి, స్టీరింగ్ రాడ్‌కి, ట్రైలర్ తగిలించే బంతికి కట్టకూడదు. ఆ బంతి విరిగి తూటాలా వచ్చిన సంఘటనలు ఉన్నాయి. నేలకి ఆనుకున్న చక్రాలు జారకుండా రాళ్ళు పెట్టించాలి, లేకపోతే బండి తిరగకుండా ఈడ్చుకుపోతుంది. పక్కకి పడ్డ బండిని తిప్పడానికి దాని బరువులో సగం లాగుడు చాలని మా లెక్క. 9,500 పౌండ్ల వించ్ అంటే 4,300 కిలోల దాకా లాగుతుంది. ఆ అంకె డ్రమ్ మీద ఆఖరి వరస ఒక్కటే మిగిలినప్పటిది, తాడు నిండుగా చుట్టి ఉంటే బలం బాగా తగ్గుతుంది. అయినా థార్‌ని తిప్పడానికి చాలు. చాలదనిపిస్తే స్నాచ్ బ్లాక్, అంటే పక్క తెరిచి తాడు వేసే కప్పీ, వేయండి. వేగం సగమవుతుంది, బలం రెట్టింపవుతుంది. బ్లాక్ కట్టిన చోట కూడా బరువు రెట్టింపే పడుతుందని మర్చిపోవద్దు.

కుదుపుతూ లాగడం మాత్రం వద్దే వద్దు. సాగే తాడు బురదలో దిగబడ్డ బండికి. బోల్తా పడ్డ బండికి సాగని తాడు, మెల్లగా, గోరుతో కొలిచినట్టు లాగాలి. బండి ఒక దశలో తూకంలో నిలబడుతుంది, ఆ తర్వాత దాని బరువే దాన్ని చక్రాల మీద పడేస్తుంది. ఆ పడే క్షణం కోసమే వెనకనుంచి రెండో తాడు ఉండాలి, ఇటు లాగుతుంటే అటు వదులుతూ. ఆ రెండో తాడు బండికి నేరుగా పల్లం వైపు కాకుండా, పక్కన ఓ మూల చెట్టుకి ఒక చుట్టు వేసి వదలండి. బండి నిలబడ్డాక మొదటి తాడు విప్పేయకూడదు. అడ్డంగా నిలబడ్డ బండి అదే వాలులో మళ్ళీ పడుతుంది. ముక్కు కొండ వైపుకి తిరిగేదాకా తాడు బిగువుగానే ఉండాలి.

ఇదే బండి చక్రాలు పల్లం వైపు పెట్టి పడితే కథ వేరు. అప్పుడు నేరుగా తిప్పితే ఇంకో పల్టీ ఖాయం. ముందు పడుకున్న బండిని పడుకున్నట్టే ఈడ్చి, ముక్కు కొండ వైపుకి వచ్చేలా తిప్పి, అప్పుడు లేపాలి. సగం రోజు పడుతుంది. పట్టనివ్వండి. తాడు తక్కువైతే, మనుషులు అలిసిపోతే, చీకటి పడితే, పట్టి ఉంచే తాడు బాగా బిగించి కిందికి నడిచి వచ్చేయండి.

బిగిసిన తాడుని ఎవరూ దాటకూడదు. తాడు ఎంత పొడవుందో అంత దూరంలో నిలబడాలి, దాని మధ్యలో తడి గోనెసంచో దుప్పటో వేయాలి. చేతికి తోలు గ్లౌజులు ఉండాలి. సైగలు ఒక్కరే ఇవ్వాలి. కానీ "ఆగు" అనే మాట ఎవరు అన్నా, చిన్నవాడు అన్నా, అందరూ ఆగాల్సిందే.

ఇప్పుడు మీరు అసలు ఆలోచించని సంగతి. బండి నిలబడగానే అందరూ చప్పట్లు కొట్టారు, వెంటనే అతను సెల్ఫ్ కొట్టాడు. బండి స్టార్ట్ అయింది, తెల్ల పొగ వచ్చింది, మీరు నవ్వుకున్నారు. అమ్మలూ, పక్కకి పడ్డ బండిలో ఇంజనాయిల్ పిస్టన్ రింగుల పక్కనుంచి సిలిండర్లలోకి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. నొక్కితే గాలి కుదించుకుంటుంది కానీ ఆయిల్ కుదించుకోదు. పిస్టన్ పైకొచ్చి దానికి గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ బండికి ఇంకో ప్రమాదం ఉంది. గాలి గొట్టంలో చేరిన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసేసినా ఆగకుండా పైపైకి రేజ్ అయిపోతుంది. మీ అదృష్టం, బండి ఎక్కువసేపు పడి లేదు.

నిలబెట్టాక కనీసం అరగంట వదిలేయాలి, ఆయిల్ కిందికి దిగనివ్వాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి, గొట్టంలో చెయ్యి పెట్టి చూడాలి. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే హీటర్ ప్లగ్గులు విప్పి, ఇంధనం రాకుండా ఫ్యూజు తీసి, సెల్ఫ్ కొట్టి, ఉన్న ఆయిల్ బయటికి చిమ్మించాలి. ఆ రంధ్రాల ముందు మొహం పెట్టకూడదు. కొత్త డీజిల్ బండ్లలో కొండ మీద ఇది చేయలేకపోతే, స్టార్ట్ చేయకుండానే దింపుకు రండి. అలా దింపేటప్పుడు ఇంజన్ నడవదు కాబట్టి రెండు మూడు తొక్కుళ్ళకే బ్రేక్ పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. కాబట్టి వెనక ఇంకో బండి తాడుతో పట్టి ఉంచుతూ, అంగుళం అంగుళం దించాలి.

మీ దగ్గరున్న షాకిల్స్ ఫొటో తీసి పంపు. వాటి మీద లోహంలోనే ఉబ్బెత్తుగా 4.75 టన్నులు అని ఉండాలి. ఏమీ రాసి లేని షాకిల్ అయితే, అది ఎంత మెరుస్తున్నా పక్కన పడేయ్. చెట్టుకి వేసే స్ట్రాప్ ఒకటి, తోలు గ్లౌజులు రెండు జతలు నేను తాడేపల్లిగూడెంలో బస్సు పార్సిల్‌లో వేస్తాను.

దసరాకి వచ్చేటప్పుడు బండి తీసుకునే రా. మన పాత ట్రాలీని కాలువ గట్టు వాలులో పక్కకి పడేసి ఉంచుతాను. వించ్ తాడు మొత్తం విప్పించి, కట్టించి, నీ చేత్తోనే లేపిస్తాను. ఆ పల్లం వైపు దిగిన నలుగురినీ కూడా వెంటబెట్టుకు రా. ఎంతమంది వస్తారో రెండు రోజులు ముందే చెబితే అమ్మ వంటకి చూసుకుంటుంది.

ఆశీస్సులతో,
నాన్న