బ్లాక్ బెల్టు వచ్చేదాకా ఆగమనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు కరాటే పోటీల గురించి రాశారు. బ్లాక్ బెల్టు రాకముందే టోర్నమెంట్లకి పంపడం విద్యని తమాషా చేయడమేనట, సగం సగం నేర్చినవాళ్ళు బరిలోకి దిగితే దెబ్బలు తగలక ఇంకేం జరుగుతుందట, ముందు పూర్తిగా నేర్చుకుని తర్వాత పోటీలకి వెళ్ళాలట. ఆయన భయం నాకు అర్థమైంది. ఆ సలహా మాత్రం ఎవరూ పాటించకపోతేనే మంచిదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట కరాటే క్లాసుకి వెళ్తుంటాను, నాది ఇంకా గ్రీన్ బెల్టే, అంటే తెల్ల బెల్టుకీ బ్లాక్ బెల్టుకీ మధ్యలో ఉండేది. ఈమధ్యే మొదటిసారి టోర్నమెంట్‌లో దిగి, ఒక మ్యాచ్ గెలిచి, తర్వాతి దాంట్లో ఓడి బయటికొచ్చాను. కాబట్టి గట్టు మీద కూర్చుని చెప్తున్న మాట కాదు.

అసలు "పూర్తిగా నేర్చుకున్నాక" అంటే ఎప్పుడండీ? బ్లాక్ బెల్టు మొదటి డాన్ (అందులో మొదటి మెట్టు) వచ్చినవాళ్ళని అడగండి, అసలు నేర్చుకోవడం ఇప్పుడే మొదలైందంటారు. ఈత పూర్తిగా వచ్చాకే నీళ్ళలో దిగుతానన్నట్టుంది ఈ వాదన. కొత్తగా చేరిన తెల్ల బెల్టు వాళ్ళని కుమితేలోకి, అంటే ఎదురెదురుగా తలపడే పోటీలోకి, దింపకూడదంటే నేనూ ఒప్పుకుంటాను. పిడికిలి ఎక్కడ ఆగాలో వాళ్ళ చేతికి ఇంకా తెలియదు, కంగారులో కళ్ళు మూసుకుని విసిరేస్తారు. మధ్య బెల్టుల్లోకి వచ్చేసరికి ఆ అదుపు మొదలవుతుంది. ముఖం మీదికి పంచ్ వేసి చర్మం దగ్గర ఆపడం, ఎదుటివాడు కాలు లేపుతున్నాడని భుజం కదలికని బట్టి పసిగట్టడం, దెబ్బ తగిలినా కోపం తెచ్చుకోకుండా మళ్ళీ గార్డ్‌లోకి రావడం, ఇవన్నీ కొంచెం కొంచెం వచ్చి ఉంటాయి. అలాగని పోగొట్టుకోవడానికి పెద్ద పేరేమీ ఉండదు. బ్లాక్ బెల్టు కట్టుకున్నాక మొదటిసారి దిగి ఓడితే, ఇన్నేళ్ళు నేర్చుకుని ఇదేనా అని ఎవరూ అనకపోయినా మనకే అనిపిస్తుంది. మొదటిసారి ఓడటానికి గ్రీన్ బెల్టు అంత మంచి సమయం మళ్ళీ రాదు.

ఇంకో కారణం ఉంది, అది దీనికంటే పెద్దది. ఏళ్ళ తరబడి ఒకే క్లాసులో స్పారింగ్ (సాధన కోసం ఒకరితో ఒకరు తలపడటం) చేస్తే మనం కరాటే కంటే ఎక్కువగా ఆ క్లాసులో ఉన్న మనుషుల్ని నేర్చుకుంటాం. ఫలానా అతను ఎప్పుడూ కుడి కాలితోనే వస్తాడు, ఫలానా అమ్మాయి రెండు అడుగులు వెనక్కి వేసిందంటే వెంటనే దూకుతుంది, పొడుగాయన ముందు చెయ్యి దించితే అది ఎర. ఇవన్నీ తెలిసిపోయి మనకి చురుకుదనం వచ్చేసిందని అనుకుంటాం. కొత్త మనిషి ఎదురుగా నిలబడగానే ఆ లెక్కలన్నీ పోతాయి. నా మొదటి ప్రత్యర్థి నాకంటే పొట్టివాడు, కానీ క్లాసులో ఎవరూ రానంత దూరం నుంచి ఒక్క అంగలో వచ్చి ముందు చేత్తో పంచ్ పెట్టేశాడు. అంత దూరం నుంచి ప్రమాదం ఉంటుందని అంతవరకూ నా ఒంటికి తెలియదు. మ్యాచ్ అయ్యేలోపే తెలిసింది, ఆ తర్వాత అతను మళ్ళీ అలా వచ్చినప్పుడు నేను అక్కడ లేను. అదే పాఠం మాస్టర్ గారు వందసార్లు చెప్పారు, బోర్డు మీద గీసి కూడా చూపించారు, అయినా మెదడుకి ఎక్కింది కానీ కాళ్ళకి ఎక్కలేదు.

ఇక ఆ పాఠకుడు రాయని సంగతొకటి. టోర్నమెంట్ అంటే మ్యాచ్ అనుకుంటాం కానీ రోజులో ఎక్కువ భాగం ఎదురుచూపే. పొద్దున్నే వెళ్ళి వార్మప్ చేస్తే, మన పేరు పిలిచేసరికి ఒళ్ళు మళ్ళీ చల్లబడి కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. మైకులో పేరు సరిగ్గా వినపడదు, ఏ మ్యాట్ దగ్గరికి వెళ్ళాలో తెలియదు. పిలిచాక మన గ్రీన్ బెల్టు విప్పేసి ఎర్రదో నీలందో కట్టుకోమంటారు, ఎందుకంటే మ్యాట్ మీద ఒకరు ఎరుపు, ఒకరు నీలం, అంతే. నాకు ఆ క్షణం భలే నచ్చింది. ఎదుటివాడు ఏ బెల్టో నాకు తెలియదు, నాదేంటో అతనికి తెలియదు. నోట్లో మౌత్ గార్డ్ పెట్టుకున్నాక ఉమ్మి మింగడం కూడా ఒక పనే, చేతి గ్లవ్స్ లోపల అప్పటికే తడి, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. రిఫరీ "హజిమే" (మొదలుపెట్టండి) అన్నాక మొదటి అర నిమిషం చాలామంది ఊపిరి పీల్చుకోవడమే మర్చిపోతారు. క్లాసులో గంటసేపు ఆగకుండా చేసేవాళ్ళు కూడా ఇక్కడ నిమిషానికే రొప్పుతున్నారంటే కారణం స్టామినా కాదు, టెన్షన్‌లో ఊపిరి బిగబట్టడం. కొట్టేటప్పుడు గట్టిగా కియాయ్ అరవమనేది అందరినీ బెదిరించడానికే కాదు, అరిస్తే ఊపిరి ఎలాగూ బయటికి పోతుంది, తర్వాత లోపలికి రాక తప్పదు.

దెబ్బల సంగతికి వద్దాం. ప్రపంచ కరాటే సమాఖ్య (డబ్ల్యూకేఎఫ్) పద్ధతిలో జరిగే కుమితేలో ఎంత గట్టిగా కొట్టాడన్నదానికి పాయింట్లు రావు. సరైన పంచ్‌కి 1 పాయింటు, నడుము పైన ఒంటికి తగిలే కిక్‌కి 2, తలకి గురిపెట్టిన కిక్‌కి 3, కిందపడ్డ ప్రత్యర్థి మీద వెంటనే సరైన దెబ్బ వేస్తే కూడా 3. 8 పాయింట్ల తేడా వస్తే మ్యాచ్ అక్కడితో ఆపేస్తారు. ఇందులో ముఖం మీదికి వేసేది ఏదైనా అదుపులో ఉండాలి, దాటితే హెచ్చరిక, మరీ దాటితే బయటికి పంపడమే. దీనికి టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2021 ఆగస్టులో పురుషుల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్‌లో సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమెది 4-1తో ముందున్నాడు. అతని హై కిక్ తగిలి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. బంగారు పతకం ఎవరికి వచ్చిందో తెలుసా? పడిపోయినవాడికి. హద్దు మీరి కొట్టినందుకు హమెదిని అనర్హుడిగా ప్రకటించారు. ఇది న్యాయమా కాదా అని జనం అప్పట్లో తెగ వాదించుకున్నారు, అది వేరే సంగతి, నాకైతే న్యాయమే అనిపించింది. ఒలింపిక్ ఫైనల్‌లోనే అదుపు తప్పితే పతకం పోతుంది కదా, మన స్థాయి పోటీలో రిఫరీ ఎందుకు ఊరుకుంటాడు?

అయితే అన్ని టోర్నమెంట్లూ ఒకటే కాదు, ఆ పాఠకుడి భయంలో నిజం ఉన్నది ఇక్కడే. క్యోకుషిన్ లాంటి ఫుల్ కాంటాక్ట్ పద్ధతిలో ముఖానికి చేత్తో కొట్టకూడదు, కానీ ఒంటికి పూర్తి బలంతో కొట్టొచ్చు, తలకి కిక్ వేయొచ్చు. పాయింట్ల పద్ధతిలో నేర్చుకున్నవాడు తెలియక దాంట్లో దిగితే ఒళ్ళు హూనమవుతుంది. అక్కడ నేర్చుకున్నవాడు ఇటు వస్తే మొదటి పంచ్‌కే హెచ్చరిక తింటాడు. చాలా క్లాసుల్లో ఏం జరుగుతోందంటే, మాస్టర్లు ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టించి, డ్రెస్సు తెల్లగా ఉతుక్కుని రమ్మని చెప్పి ఊరుకుంటున్నారు. రూల్స్ ఏమిటి, మ్యాచ్ ఎంతసేపు, గీత దాటితే ఏమవుతుంది, ఎవరైనా అడిగితే "అక్కడికెళ్ళాక చెప్తాలే" అంటారు. అక్కడికెళ్ళాక ఆయన నలుగురు విద్యార్థుల కోసం నాలుగు మ్యాట్ల మధ్య పరిగెడుతుంటాడు.

తెలియకపోతే ఏమవుతుందో నేను కూర్చుని చూశాను. పక్క మ్యాట్ మీద ఒక అమ్మాయి చక్కటి మవాషి గేరి (కాలిని పక్క నుంచి తిప్పి వేసే కిక్) వేసింది, కాలు ఎదుటి అమ్మాయి చెవి పక్కకి వెళ్ళి ఆగింది, హాలంతా చప్పట్లు. ఆ సంతోషంలో చెయ్యి పైకెత్తి వెనక్కి తిరిగి తన స్నేహితుల వైపు చూసింది. పాయింటు ఇవ్వలేదు. కొట్టిన తర్వాత కూడా ప్రత్యర్థి మీద ధ్యాస నిలవాలి, దాన్ని జాన్షిన్ అంటారు, అది లేకపోతే ఎంత అందమైన కిక్ అయినా లెక్కలోకి రాదు. ఆ అమ్మాయికి మూడు పాయింట్లు పోయాయి, ఎందుకు పోయాయో కూడా తెలియలేదు, రిఫరీ తనని మోసం చేశాడనుకుంటూ ఏడుస్తూ వెళ్ళింది. క్లాసులో ఒక్కరోజు, ఒక్క పదినిమిషాలు ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

కటా, అంటే ఒక వరసలో ఉన్న కదలికల్ని ఒంటరిగా చేసి చూపించడం, ఆ విషయం కొంచెం తేలిక, ఎందుకంటే అక్కడ ఎవరూ కొట్టరు, కానీ చిన్న చిన్న ఉచ్చులున్నాయి. కటా పేరు గట్టిగా చెప్పాలి, చెప్పిన కటానే చేయాలి. పేరు ఒకటి చెప్పి ఇంకోటి చేస్తే అనర్హులే. కాలు కాస్త తడబడితే కొంపేమీ మునగదు, సర్దుకుని సాగిపోవచ్చు, మధ్యలో స్పష్టంగా ఆగిపోతే మాత్రం అయిపోయినట్టే. బెల్టు ఊడి కింద పడినా అంతే. కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు గొప్పగా కనిపిస్తుందని కొత్తగా నేర్చుకుంటున్న కష్టమైన కటా ఎంచుకోకుండా, నిద్రలో లేపినా చేయగలిగిన, మొదట్లో నేర్పే హెయాన్ కటా ఒకటి పట్టుకుని, ముడి గట్టిగా బిగించుకుని వెళ్తే చాలు.

ఆ పాఠకుడు కరాటే ఆట కాదు, విద్య అని కూడా రాశారు. ఈ గొడవ మనది కాదు, దానికి చాలా వయసుంది. 1922లో ఒకినావా నుంచి టోక్యోకి కరాటే తీసుకెళ్ళిన గిచిన్ ఫునాకోషికి పోటీలంటే ఇష్టం ఉండేది కాదు. జపాన్ కరాటే అసోసియేషన్ జపాన్ దేశమంతటికీ కలిపి మొదటి ఛాంపియన్‌షిప్ పెట్టింది 1957లో, ఆయన పోయిన ఏడాదే. పెద్దాయన మాట మీద గౌరవం ఉన్నవాళ్ళు పోటీలకి వెళ్ళక్కర్లేదు, అది తప్పేం కాదు, క్లాసులో ఎవరూ వాళ్ళని చిన్నచూపు చూడకూడదు. వెళ్ళాలనుకున్నవాళ్ళని మాత్రం బెల్టు రంగు చూపించి ఆపొద్దంటున్నాను.

ఒక్క చిన్న లెక్క కూడా చెప్పాలి. నాకౌట్ పద్ధతిలో 32 మంది దిగితే 16 మంది మొదటి మ్యాచ్‌తోనే బయటికి వస్తారు, చివరికి ఓడకుండా మిగిలేది ఒక్కడే. ఈ లెక్క పిల్లలకి ముందే చెప్తే సగం ఏడుపులు ఆగిపోతాయి, తల్లిదండ్రులకి చెప్తే మిగతా సగం కూడా. మ్యాట్ పక్కన నిలబడి "కొట్టు, కొట్టు" అని అరిచే నాన్నల వల్ల బిడ్డ రిఫరీ మాట కూడా వినలేకపోతున్నాడు. ఇంకొకటి, ఓడగానే డ్రెస్సు మార్చుకుని వెళ్ళిపోకండి. రెపిచాజ్ ఉన్న పోటీల్లో మనల్ని ఓడించినవాడు ఫైనల్‌కి చేరితే, కాంస్యం కోసం మనకి మళ్ళీ పిలుపు వస్తుంది. పిలిచినప్పుడు లేకపోతే అంతే సంగతులు.

ఇక మీకూ, మీ ద్వారా నిర్వాహకులకీ నా విన్నపం. టోర్నమెంట్ వార్త అంటే మీ పత్రికలో పతకాలు మెళ్ళో వేసుకున్న పిల్లల ఫోటో, ముఖ్య అతిథి పేరు, అక్కడితో అయిపోతుంది. పోటీ ప్రకటన వేసేటప్పుడే అది ఏ రూల్స్ ప్రకారం జరుగుతుందో, ఫుల్ కాంటాక్టో కాదో, ఏమేం ప్రొటెక్షన్ గేర్ తెచ్చుకోవాలో ఒక్క లైన్ వేయండి. నిర్వాహకులు వయసు, బరువుతో పాటు నేర్చుకున్న అనుభవాన్ని కూడా చూసి గ్రూపులు చేయాలి. మధ్య బెల్టు వాళ్ళకి విడిగా ఒక విభాగం ఉంటే బ్లాక్ బెల్టుకి ముందుండే బ్రౌన్ బెల్టు వాళ్ళ చేతిలో మొదటి మ్యాచ్‌లోనే నలిగిపోయే పరిస్థితి రాదు. పొద్దున ప్రసంగాలకి పెట్టే సమయంలో పావుగంట తీసి, ఒక రిఫరీ చేత ఏది పాయింటో ఏది తప్పో మ్యాట్ మీద చేసి చూపిస్తే ఇంకా మంచిది. ఆ పాఠకుడి భయానికి మందు అదే, వాయిదా కాదు. ఆయనకి వీలైతే వచ్చే పోటీకి వచ్చి గ్యాలరీలో కూర్చోమనండి, నేనూ దిగుతున్నాను.

ఇట్లు,
ఒక గ్రీన్ బెల్టు విద్యార్థి